ఉక్కు రెండు చోట్ల పొంగింది

ఒకడు అంచున పొంగిందంటాడు, ఇంకొకడు నడుమన పొంగిందంటాడు, ఇద్దరూ చూసింది ఒకే అచ్చు, ఇద్దరివీ మంచి కళ్ళే, అబద్ధమాడితే ఇద్దరికీ ఒరిగేదేమీ లేదు, మరి అలాంటప్పుడు ఎక్కడో ఒక చోట... రత్నమాణిక్యం ఆలోచన అక్కడిదాకా వచ్చి మొరాయించింది. పొద్దున్నుంచి ఇది మూడోసారి.

మనిషి తనకు భయమున్న చోటే చూస్తాడు. పదహారేళ్ళు కాలేజీలో సైకాలజీ పాఠం చెప్పి, ఆ తర్వాత తొమ్మిదేళ్ళుగా రాజమండ్రిలో ప్రైవేటు డిటెక్టివ్‌గా బతుకుతున్న ఆమెకు ఆ ఒక్క వాక్యం చాలా కేసుల్లో అక్కరకొచ్చింది. ఇక్కడా అది తయారుగానే ఉంది. ఉక్కు కార్ఖానాలో పనిచేసే వీరబాబుకు రెండేళ్ళ కిందట అచ్చు అంచున నిలబడినప్పుడే చెయ్యి కాలింది, అందుకే అతను అంచునే చూశాడు. బుల్లియ్య కాపలా కాసేది నడుమ దిగే గొట్టాన్ని, కాబట్టి నడుమనే చూశాడు. అంతా నున్నగా సరిపోతోంది. అంత నున్నగా సరిపోయింది కాబట్టే ఆమెకు నచ్చలేదు.

గోడ గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తోంది. నాలుగింటికి బుల్లియ్యను మేజిస్ట్రేటు ముందు పెట్టి రిమాండుకు పంపుతారు. హత్య కేసు. ఆమెకున్నది రెండు గంటల నలభై నిమిషాలు.

"ఇంకోసారి చెప్పు బుల్లియ్యా. గురువారం పొద్దున్న నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. నీకేమనిపించిందో వద్దు."

వైనతేయ స్లాబ్ కాస్టర్స్ ఫస్ట్ ఎయిడ్ గదిలో, పోలీసు కాపలాలో, ఇనప మంచం మీద కూర్చున్నాడు బుల్లియ్య. నలభై ఏళ్ళ మనిషి, నరసాపురం దగ్గర చేపల వేటకెళ్ళే కుటుంబం. కొన్నాళ్ళు రొయ్యల చెరువుల మీద నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు నడిపి, ఆరేళ్ళ కిందట మండపేట దగ్గరున్న ఈ ఉక్కు కార్ఖానాలో చేరాడు. రత్నమాణిక్యాన్ని ఈ కేసుకు పిలిచింది అతని భార్య వీరవేణి.

"పైన తొట్టిలోంచి కరిగిన ఉక్కు నాజిల్లో పడి రాగి అచ్చులోకి దిగుద్దండి. నాజిల్లంటే మట్టితో కాల్చిన గొట్టమండి. గోడని తాకిన ఉక్కు తాకినట్టే పెంకు కడద్ది, లోపలంతా పాయసం లాగే ఉంటది. ఆ పెంకునే కిందకి లాగుతా ఉంటాం. పైన పౌడరు కప్పి ఉంచుతాం, అదే నా పని. పౌడరు చాలకపోతే కిందకెళ్ళి సంచి తెచ్చుకున్నానండి. వచ్చి చూసేసరికి గొట్టం చుట్టూ, ఏరేటరు కాడ నీళ్ళు లేచినట్టు లేచిపోతా ఉందండి ఉక్కు. నా జన్మలో చూళ్ళేదండి అలాగ."

"గొట్టం చుట్టూనేనా? గోడల దగ్గర?"

"గోడల కాడ అద్దంలాగ ఉందండి. ఒక్క బుడగ లేదు."

"అప్పుడు సురేష్‌బాబుగారు?"

బుల్లియ్య తల దించుకున్నాడు. "అచ్చులో ఉక్కు మట్టం ఊగితే ఆయన నిలబడలేరండి. కింద గ్యాలరీలోకి దిగి పెంకు ఎలాగుందో కళ్ళారా చూసి రావాల్సిందే. ఎన్నిసార్లు చెప్పానో, వద్దండి బాబూ అని. దిగారు. పెంకు చిట్లింది. ఉక్కంతా ఆయన మీదకే..."

పది నలభై రెండుకు జరిగిందది. షిఫ్ట్ ఇంజనీరు సురేష్‌బాబు, ముప్పై నాలుగేళ్ళవాడు, అరవడానికి కూడా వ్యవధి లేకుండా పోయాడు. ఆయనకున్న ఈ అలవాటు కార్ఖానాలో అందరికీ తెలుసునన్న మాట రత్నమాణిక్యం మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

"పోయినవారం ఆయన నిన్ను మూడు రోజులు సస్పెండ్ చేశారటగా?"

"ఆయ్, చేశారండి. హెల్మెట్ ఎట్టుకోలేదని. ఎట్టుకోలేదు కాబట్టి చేశారు. దానికి మనిషిని చంపుతారా అమ్మగారూ ఎవరన్నా?"

తలుపు దగ్గర నవ్వు వినిపించింది. "చంపరు. అందుకే మా స్టేషన్లన్నీ ఖాళీగా ఉంటున్నాయి." సీఐ విజయ్ పాల్ లోపలికి వచ్చాడు. ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫారం, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో గడ్డకట్టిన బూడిదరంగు పౌడరు. "చూడండి మేడమ్. తడి పౌడరు. మీ బుల్లియ్యగారు ఆ రోజు తెచ్చిన సంచిలోది. పదిహేను వందల డిగ్రీల ఉక్కు మీద తడి పడితే ఏమవుతుంది? పొంగుతుంది. కేసు అక్కడితో అయిపోయింది."

"గాలి?"

"ఏం గాలి?"

"నాజిల్లో మడ్డి పేరుకోకుండా లోపలికి ఆర్గాన్ గాలి పంపుతారు. అది ఎక్కువైనా పొంగుతుంది."

"నిమిషానికి నాలుగు లీటర్లు. పొద్దున్నుంచి పది నలభై రెండు దాకా గీత గీసినట్టు నాలుగే. కంప్యూటర్లో ఉంది. కంప్యూటరుకి బుల్లియ్య మీద పగా లేదు, ప్రేమా లేదు." సీఐ సంచిని జేబులో పెట్టుకున్నాడు. "మీరు మనసులు చదువుతారని విన్నాను. చదువుకోండి. నాలుగింటిదాకా."

"వీరబాబు అంచున పొంగిందన్నాడు. ఇతను నడుమనంటున్నాడు. మీరు ఆ ఇద్దర్నీ ఎక్కడ పొంగింది అని అడిగారు. ఎప్పుడు అని అడిగారా?"

విజయ్ పాల్ ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం ఆమెకు చాలు. అడగలేదు. నిజానికి తనూ అడగలేదు. ఇద్దరి కళ్ళనూ అనుమానించడానికి చూపిన తొందర, వాళ్ళ గడియారాల మీద చూపలేదు.

*

వీరబాబు క్యాంటీన్ బయట నిలబడి పెరుగన్నం తింటున్నాడు. పాతికేళ్ళ కుర్రాడు, బుల్లియ్యకు సహాయకుడు. ఇప్పుడు బుల్లియ్య లేడు కాబట్టి అచ్చు దగ్గర నిలబడాల్సింది అతనే.

"నేను చూసింది పదీ ముప్పై ఒకటికండి. రెండు అంచుల్లోనూ చిన్న చిన్న బుడగలు, పప్పు ఉడుకుతున్నట్టు. కొంచెం ఎప్పుడూ ఉండేవేననుకోండి. సీఐగారు ఎక్కడ పొంగిందంటే అంచునని చెప్పాను."

"తర్వాత?"

"పదీ ముప్పై అయిదుకి తొట్టి వైపు వెళ్ళి టెంపరేచర్ తీశానండి. అది రికార్డులో ఉంటుంది. అప్పటిదాకా అంచునే ఉంది. తర్వాత నేను చూళ్ళేదు."

పౌడరు స్టోరు రిజిస్టర్లో బుల్లియ్య సంతకం పక్కన పదీ ముప్పై నాలుగు. పైకి తిరిగొచ్చింది పదీ ముప్పై ఏడుకి. అచ్చులో ఉక్కు మట్టం ఊగడం మొదలైంది పదీ ముప్పై ఆరుకి. రత్నమాణిక్యం ఈ అంకెల్ని చిన్న పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసుకుంది. ముప్పై అయిదుకీ ముప్పై ఏడుకీ మధ్య ఏదో మారింది. ఇద్దరి చూపూ సరైనదే.

ఆమెకు ఇష్టమైన ఘడియ ఇదే, మనుషులు నిజం చెప్పారని తేలే ఘడియ. అది చాలా అరుదుగా వస్తుంది, వచ్చినప్పుడు ఎందుకో సిగ్గుగా కూడా ఉంటుంది.

"వీరబాబూ, మీటరులోంచి పోకుండా గాలి లోపలికి పంపే దారి ఏదన్నా ఉందా?"

అతను అటూ ఇటూ చూశాడు. "దొడ్డిదారి ఉందండి. నాజిల్ పూడుకుపోయినప్పుడు ఒక్క ఊపు గాలి కొట్టడానికని మీటరు పక్కనించి ఒక పైపు వేశారు. డ్రాయింగుల్లో ఉండదు. ఆడిటోళ్ళకి చూపించం. పౌడరు స్టోరు పక్కన ఇనప జాలీ గది ఉంది కదండీ, అందులో."

"పౌడరు స్టోరు పక్కనా?"

"పక్కనేనండి. మూడడుగులు."

ఆమె రాసుకుంటున్న పెన్ను ఆగింది. బుల్లియ్య ఆ మూడు నిమిషాలూ ఆ గదికి మూడడుగుల దూరంలో ఉన్నాడు.

*

వెంకటరాజుగారి నీళ్ళ నమూనా కార్ఖానాకు వెనక ఒక పొడవాటి షెడ్డులో ఉంది. ఆయన ప్రాసెస్ విభాగానికి అధిపతి. అరవైకి దగ్గర పడిన మనిషి, తెల్ల చొక్కా, గంధం వాసన, ఎవరినీ ఏకవచనంతో పిలవని మర్యాద. దారిలో ఆమె అంకెలూ దొడ్డిదారి సంగతీ విన్న సీఐ కూడా ఆయన ముందు టోపీ తీశాడు.

"దయచేయండమ్మా. ఇదిగో మా అచ్చు. రాగి బదులు గాజులాంటి అక్రిలిక్, ఉక్కు బదులు నీళ్ళు, ఆర్గాన్ బదులు మామూలు గాలి. ఉక్కులోకి చూడలేం కదండీ. నీళ్ళలోకి చూడవచ్చు. రెండూ దాదాపు ఒక్కలాగే పారతాయి."

మనిషెత్తు పారదర్శకమైన పెట్టె. నడుమ ఒక గొట్టం, దాని కొనకు కుడి ఎడమల రెండు కిటికీల్లాంటి రంధ్రాలు. పక్కన గాలి కొలిచే గాజు నాళం, లోపల ఒక చిన్న పూస.

"దీన్ని ఆఖరిసారి ఎప్పుడు నడిపారండి?"

"ఉగాది వెళ్ళిన వారంలో. తర్వాత దీని మొహం చూసే తీరికేదమ్మా?"

"ఇప్పుడు నడుపుతారా? నాలుగు లీటర్ల లెక్కన."

ఆయన పంపు వేశాడు. పెట్టెలో నీళ్ళు పైకి లేచాయి. గొట్టం రంధ్రాల్లోంచి రెండు ధారలు గోడలకేసి పరుగెత్తి, గోడను తాకి, ఒక పాయ పైకీ ఒక పాయ కిందికీ చీలాయి. ఆయన గాలి వదిలాడు. ఆవగింజలంత బుడగలు ధారతోపాటు గోడదాకా వెళ్ళి, అక్కడ పైకి తేలాయి. రెండు అంచుల్లోనూ సన్నగా ఉడుకు.

"వీరబాబు చూసింది ఇదే," అంది రత్నమాణిక్యం. "ఇప్పుడు పెంచండి రాజుగారూ. ఆగకుండా పెంచండి."

పూస గాజు నాళంలో పైకి పాకింది. కొంతసేపు ఏమీ మారలేదు. ఆ తర్వాత, ఎవరో మనసు మార్చుకున్నట్టు, ఒక్కసారిగా ధారలు విరిగిపోయాయి. గాలి పెద్ద పెద్ద బుడగలై గోడల దాకా వెళ్ళే ఓపిక లేకుండా గొట్టాన్ని అంటిపెట్టుకుని నిట్టనిలువుగా లేచింది. నడుమ నీళ్ళు పొంగి పెళ్ళలు పెళ్ళలుగా పడుతున్నాయి. అంచులు అద్దంలా నిలిచాయి.

"ఏరేటరు కాడ లేచినట్టు," అంది ఆమె మెల్లిగా. "బుల్లియ్య చూసింది ఇది. తడి పౌడరయితే చల్లిన చోటల్లా పొంగాలి సీఐగారూ. ఇలా చోటు మారదు. గాలి నాలుగు లీటర్ల దగ్గర లేదు. ఎవరో దొడ్డిదారి తెరిచారు."

విజయ్ పాల్ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. మొహంలో ఎగతాళి పోయింది. దాని స్థానంలో వచ్చింది ఆమెకు మరీ నచ్చలేదు.

"బ్రహ్మాండంగా చూపించారు మేడమ్. నా పౌడరు కథ వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు చెప్పండి. ముప్పై అయిదుకీ ముప్పై ఏడుకీ మధ్య ఆ జాలీ గది పక్కనున్నది ఎవరు?"

ఆమె చెయ్యి చిన్న పుస్తకం మీదికి పోయింది.

"స్టోరు రిజిస్టర్లో సంతకం ఎవరిది? మీరు రాసుకున్న అంకెలే అవి. నాకు ఇంతవరకూ తడి పౌడరు ఒక్కటే ఉంది. లాయరు చెయ్యి తగిలితే రాలిపోయేది. మీరు నాకు ఆయుధం ఇచ్చారు, అవకాశం ఇచ్చారు, నిమిషాలతో సహా. మీకు ఫీజు ఇస్తున్నది బుల్లియ్య పెళ్ళామా, నేనా?"

వెంకటరాజు దగ్గాడు. ఆ దగ్గులో నవ్వుందా? లేదు. ఊరట ఉంది. ఆమె చెవి ఆ తేడా పట్టుకుంది, కానీ చెవి సాక్ష్యం కోర్టుకు పనికిరాదు. ఒక మనిషిని కాపాడటానికి వచ్చి అతని మెడకు కొలత తీసి ఇచ్చింది. ఆమె చేతులకు పని చెప్పింది. పంపు ఆపమని సైగ చేసి, నీళ్ళు దిగాక పెట్టె మూత పక్కకు జరిపి, నమూనా గొట్టాన్ని ఊడదీసింది.

"అది జాగ్రత్తమ్మా," అన్నాడు వెంకటరాజు.

గొట్టం రంధ్రం లోపలి అంచున వేలు పెట్టి తిప్పింది. వేలికి మెత్తటి బురద అంటింది. వెలుతురులోకి తెచ్చి చూసింది. ఎర్రటి ఒండ్రు. కుంకుమ కలిపినట్టు.

"ఈ పెట్టెలోకి నీళ్ళెక్కణ్ణించి వస్తాయండి?"

"మా ప్లాంటు చెరువులోంచి."

"చెరువులోకి?"

"కాలవలోంచి. ఎందుకమ్మా?"

"సీఐగారూ, మీదేవూరు?"

"ఆలమూరు." విజయ్ పాల్ ఆమె వేలినే చూస్తున్నాడు. అతని కనుబొమలు నెమ్మదిగా పైకి లేచాయి. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాడికి అంతకంటే చెప్పనక్కర్లేదు.

"ఎర్రనీరు," అన్నాడు.

"గోదావరి వరదకి కాలవల్లోకి ఎర్రనీరు వచ్చింది మొన్న సోమవారం. ఉగాది నాటి నీళ్ళల్లో ఎర్ర ఒండ్రు ఉండదు. ఇప్పుడు పెట్టెలో పోసిన నీళ్ళు అనుకుందామా అంటే, అవి తేరుకుని ఒండ్రు అడుగున దిగడానికే పూట పడుతుంది, గొట్టం లోపల ఇంత మందాన పేరుకోదు. సోమవారానికీ గురువారానికీ మధ్య ఎవరో దీన్ని గంటలకొద్దీ నడిపారు రాజుగారూ. ఎంత గాలి పంపితే ధార విరుగుతుందో చూసుకోవడానికి. ఉక్కులో ఒక్కసారే చేసే పనిని నీళ్ళలో పదిసార్లు సాధన చేశారు."

వెంకటరాజు జేబు రుమాలు తీసి అద్దాలు తుడుచుకున్నాడు. "సురేష్‌బాబు అయ్యుండాలి. ఈ షెడ్డు తాళం చెవులు ఆయన దగ్గరా నా దగ్గరా తప్ప లేవు. పాపం, అడగడానికి ఆయన లేరు."

"సురేష్‌బాబుగారు మీ ఉక్కు దిమ్మెల్లోంచి, అదే స్లాబుల్లోంచి, ముక్కలు కోసి చూస్తున్నారని క్యాంటీన్ దగ్గర విన్నాను. సూదిబెజ్జాల్లాంటి గాలి బుడగలు దొరికాయట. ఆ రేకుతో చేసిన బాయిలర్లు మండపేట రైసు మిల్లుల్లో నడుస్తున్నాయి. అవి మంచివని సర్టిఫికెట్ రాసింది మీరు. శుక్రవారం ఆయన మిల్లులకు ఉత్తరాలు పంపుదామనుకున్నారు. గురువారం చనిపోయారు."

"మీరు విన్నవన్నీ మీరు విన్నవేనమ్మా," అన్నాడు వెంకటరాజు, అద్దాలు పెట్టుకుంటూ. "ప్రమాదం జరిగినప్పుడు నేను నా ఆఫీసులో ఉన్నాను. సైరన్ విని పరుగెత్తుకొచ్చాను."

అబద్ధమాడే మనిషి శరీరం ఎక్కడో ఒకచోట లీకవుతుందని పుస్తకాలు చెబుతాయి. ఈయన ఎక్కడా కారడం లేదు. ఆమె ఆయన మణికట్టు చూసింది, మెడ చూసింది, రెప్పలు చూసింది. ఏమీ లేదు.

విజయ్ పాల్ ఆమెను షెడ్డు బయటికి తీసుకెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడాడు. ఈసారి మేడమ్ అనలేదు. "మాణిక్యంగారూ, బురద మీద నేను రాజుగారిని పట్టుకోలేను. చచ్చినవాడి మీదకి తోసేశాడు, చూశారుగా. ఆ దొడ్డిదారి పిడి మీద వేలిముద్ర ఉంటే అప్పుడు మాట. అదొక్కటే చెబుతుంది బుల్లియ్యదా, ఇంకొకరిదా అని. గురువారం పదకొండున్నర నుంచి మా ఏసుపాదం పౌడరు సంచులకు కాపలాగా అక్కడే ఉన్నాడు, కాబట్టి ఎవరూ ముట్టి ఉండరు. రాజమండ్రి నుంచి క్లూస్ టీమ్‌కి ఇప్పుడే ఫోన్ చేయిస్తాను. మూడుంపావుకల్లా వస్తారు. అంతదాకా దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదు. మీరు కూడా."

"వెళ్ళను."

"అందులో బుల్లియ్య వేలుంటే?"

"ఉంటే మీ వెంట నేనే వచ్చి సాక్ష్యం చెబుతాను."

గడియారం రెండూ ముప్పై ఎనిమిది. అప్పుడే కార్ఖానా హూటరు మూడుసార్లు మోగింది.

విజయ్ పాల్ చుట్టూ చూశాడు. "ఏంటిది?"

షెడ్డు గుమ్మంలోకి వచ్చిన వెంకటరాజు కూడా తల తిప్పాడు. "ఏంటిది?" అని ఆయనా అన్నాడు. మర్యాద లేని గొంతుతో.

దారిన పోతున్న క్రేన్ ఆపరేటరు నవ్వుతూ చెప్పాడు. "కాస్టింగ్ మొదలైందండి. ఎండీగారు ఆర్డరిచ్చారు. కొలిమిలో ఉక్కు సిద్ధమైపోయింది, సోమవారం దాకా ఆగదు కదండీ. వీరబాబు ఉన్నాడు అచ్చు మీద."

"సోమవారం కదా అన్నారు?" వెంకటరాజు ముందుకు ఒక అడుగు వేశాడు. "ఇవాళ వద్దు. ఆపమనండి. సీఐగారూ, ఆపమనండి, మీరు చెబితే వింటారు."

"ఎందుకండి?"

"అంటే... విచారణ జరుగుతుండగా... పద్ధతి కాదు కదా..."

ఆయన పెదవి మీద చెమట పట్టింది. రత్నమాణిక్యం ఆ చెమట వైపు చూస్తూ నిలబడిపోయింది. హత్య చేశావని మొహం మీద అన్నంత పని చేస్తే అద్దాలు తుడుచుకున్న మనిషి, ఉక్కు పోస్తున్నారంటే ఎందుకు తడిసిపోతాడు? కార్ఖానా నడిస్తే ఆయనకు లాభమే కదా. ఆయన భయపడుతున్నది పట్టుబడతానని కాదు. జరగబోయే దానికి. ఆయనకు తెలిసి, ఇంకెవరికీ తెలియని దానికి. ఏసుపాదం గురువారం పదకొండున్నర నుంచి అక్కడే ఉన్నాడు, ఎవరూ ఆ పిడిని ముట్టలేదు, అంటే తెరిచినవాడూ మళ్ళీ...

"మూయలేదు," అంది పైకే. "సీఐగారూ, దాన్ని మళ్ళీ మూయలేదు! మీ కాపలా వల్ల ఆయనకు సందు దొరకలేదు. దొడ్డిదారి తెరిచే ఉంది. మీరు పైకెళ్ళి ఆపించండి!"

విజయ్ పాల్ ఇంకో ప్రశ్న వేయలేదు. కాస్టింగ్ అంతస్తు మెట్ల వైపు పరుగెత్తాడు. ఆమె చెప్పులు వదిలేసి రెండో వైపు పరుగెత్తింది.

*

పౌడరు స్టోరు ముందు కుర్చీలో ఉన్న కానిస్టేబులు ఏసుపాదం లేచి అడ్డం నిలబడ్డాడు. "లోపలికి వెళ్ళకూడదండి. సీఐగారి ఆర్డరు. ఇప్పుడే కార్ఖానా వాకీటాకీలో చెప్పారు."

"వెళ్ళను. చూస్తానంతే."

జాలీ తలుపు తీసింది. నాలుగు పైపులు గోడనంటుకుని పోతున్నాయి. నాలుగోదాని మీద ఇత్తడి వాల్వు. ఇంట్లో గ్యాస్ గొట్టం మీద ఉండేలాంటి పిడే. అడ్డంగా ఉంటే మూసినట్టు, పైపు వెంట పడుకుంటే తెరిచినట్టు. అది పైపు వెంట హాయిగా పడుకుని ఉంది.

పిడి ఎప్పుడో సగానికి విరిగిపోయింది. మిగిలింది బొటనవేలంత ముక్క. దాని మీద కార్ఖానా మసి నల్లగా, పలచగా పరుచుకుంది. ఆ మసిలో, నొక్కి పట్టాల్సిన చోట సరిగ్గా ఒక బొటనవేలి ముద్ర ఉంది. పొలం గట్లలాగ వంపులు తిరిగిన గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఆమె తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో అంత మంచి ముద్ర చూడలేదు. ఫోను కోసం అలవాటుగా నడుముకు చెయ్యి పోయింది. లేదు. గేటు దగ్గర అందరి ఫోన్లూ తీసుకుని పెట్టెలో పెడతారు.

పైకప్పు మీద, అంటే అచ్చు ఉన్న అంతస్తులో, గంట మోగడం మొదలైంది. టంగ్, టంగ్. మట్టం ఊగితే మోగే గంట. ఏసుపాదం చేతిలోని వాకీటాకీలో ఎవరిదో గొంతు, వీరబాబుది. "నాజిల్ కాడ పొంగుతోందండీ! గొట్టం చుట్టూ పొంగుతోంది! ధార ఆపే స్టాపరు పడతా లేదు!"

"సీఐగారెక్కడ?"

"మెట్లెక్కుతున్నారటండి. అక్కడ గ్రిల్లు తాళమేసుందట."

మట్టం ఊగడం మొదలయ్యాక పెంకు చిట్లడానికి గురువారం ఆరు నిమిషాలు పట్టింది. ఇవాళ వాల్వు మొదటినుంచీ తెరిచే ఉంది. పైన ఐదుగురున్నారు. కింద ఈ ముద్ర ఉంది. ఇది రాజుగారిదైతే బుల్లియ్య రేపు వీరవేణి పక్కన కూర్చుని అన్నం తింటాడు. ఇది చెరిగిపోతే, తెరిచి ఉన్న వాల్వూ, మూడడుగుల దూరమూ, పదీ ముప్పై నాలుగు అని ఉన్న సంతకమూ మాత్రం మిగులుతాయి. వాటిని పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసి పెట్టింది తనే.

"లాఠీతో తోద్దామాండి?" ఏసుపాదం లాఠీ చాచాడు. పైపుల సందులో అది దూరలేదు. కొన గోడకు తగిలి తిరిగి వచ్చింది.

చీర కొంగు పట్టుకుంది. గుడ్డ అయినా తుడిచేస్తుంది. పక్కనించి గోటితో నెట్టి చూసింది. వాల్వు బిగుసుకుపోయి ఉంది. అది కదలాలంటే ఒకే చోట ఒకే విధంగా నొక్కాలి. ముందు ఎవడు నొక్కాడో వాడు నొక్కినట్టే.

గంట వేగం పెరిగింది. ఇప్పుడది విడివిడిగా మోగడం లేదు, ఒకటే మోత.

ఇంకొక్క క్షణం ఆ గీతల వైపే చూసింది, కంఠతా పట్టాలనుకున్నట్టు. నడుమ ఒక సుడి, ఎడమకు వంగిన మూడు గట్లు, పక్కన ఒక పాత గాటు. తను చూసిందని చెబితే ఎవరు నమ్ముతారు? సాక్షుల కళ్ళను నమ్మవద్దని క్లాసులో పదహారేళ్ళు చెప్పింది.

"అమ్మగారూ, ముట్టుకోవద్దన్నారండి సీఐగారు," అన్నాడు ఏసుపాదం. అతని గొంతులో ఆర్డరు లేదు, బతిమాలడం ఉంది. దేనికోసం బతిమాలుతున్నాడో అతనికే తెలియదు.

రత్నమాణిక్యం కుడిచేతి బొటనవేలిని ఆ ముద్ర మీద సరిగ్గా ఆనించి, పిడిని అడ్డంగా తిప్పింది.